గండి దగ్గర విడిచిన చెప్పులు

మా అక్క పొలం అడవిలో ఉంది. ఈ మాట తాడేపల్లిగూడెంలో మా వీధిలో ఎవరికి చెప్పినా, "అడవంటే జంగారెడ్డిగూడెం అవతలాండీ?" అని అడుగుతారు. కాదండీ, మండవల్లి వెళ్లే దారిలో, కొల్లేట్లో అంటే నవ్వుతారు. నవ్వరా మరి! చెట్టు లేని అడవి అది. నీళ్లు, జమ్ము, తామరాకులు, వాటి మీద బోలెడంత ఆకాశం. కాగితాల్లో మాత్రం అది అభయారణ్యం, ఫారెస్టు వాళ్లది. ఆ నీళ్ల అడవి నడుమ కాస్త మెరకగా ఉన్నచోట కొందరు రైతుల సొంత పట్టా పొలాలు మిగిలిపోయాయి. పొలం మాది, పొలానికి వెళ్లే దారి సర్కారుది. మా అక్క బాధంతా అక్కడే మొదలైంది.

ఊరి చివర నుంచి పొలం దాకా ఒక సన్నటి మట్టిగట్టు ఉంది. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాలి. సగం దూరం వెళ్లాక ఆ గట్టు తెగిపోయి ఉంటుంది. ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలీదు. ఊళ్లోవాళ్లు దాన్ని ఉత్తినే గండి అంటారు. చలికాలంలో అక్కడ నీళ్లు మోకాళ్లు దాటుతాయి. నడి వేసవిలో కూడా పాదాలు మునిగేంత తడి ఉంటుంది. ఎంతటివాళ్లయినా ఇవతలే చెప్పులు విడిచి, పంచో చీరో ఎత్తికట్టుకుని దిగాల్సిందే.

అందుకని మా అక్కవాళ్ల ఊళ్లో ఒక అలవాటుంది. పొలంలో ఎవరున్నారో తెలుసుకోవాలంటే కేకలెయ్యక్కర్లేదు, గండి దగ్గర చెప్పులు చూస్తే చాలు. అక్కవి నీలం రంగు హవాయి చెప్పులు. ఒకదాని పట్టీ తెగితే ఎర్రది వేయించుకుంది. రంగు కలవకపోయినా ఆవిడకేం పట్టదు. బావ పోయాక కూడా ఆయన తోలుచెప్పులు ఆ గట్టు మీద చాలారోజులు అలాగే ఉన్నాయి. అక్క ఎవర్నీ తియ్యనివ్వలేదు. ఆ వానాకాలం నీళ్లు గట్టెక్కి వచ్చినప్పుడు వాటంతటవే వెళ్లిపోయాయి.

నేను మా గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనకాల ఉంటాను. పొద్దున్న లేస్తే లారీల హారన్లు, హమాలీల కేకలు, ఉల్లి ఘాటు. అక్కడినుంచి ఏలూరు వెళ్లి, కైకలూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటానా, కొల్లేరు కనపడగానే నాకు ఏదో అయిపోతుంది. నిద్రా కాదు, మెలకువా కాదు. నీళ్లెక్కడ ఆగాయో, మంచెక్కడ మొదలైందో తెలీదు. ఆ తెల్లదనంలో ఒక తాటిదోనె, దాని మీద నిలబడి గెడ వేసే మనిషి, అంతే. ఆ మనిషి కాళ్లు కనపడవు, నడుము నుంచి పైకి మాత్రమే కనపడుతూ జారిపోతుంటాడు. టిక్కెట్టు తీసుకోమని కండక్టరు రెండుసార్లు అడిగేదాకా నాకు వినపడదు. ఆ తర్వాత "ఏవండీ, పడుకున్నారా?" అని అతను ఎత్తిపొడిస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది వేరే విషయం.

గండి దాటడం అన్నిటికంటే ఇష్టం నాకు. చెప్పులు విడిచి, ఆ చల్లటి నీళ్లలో కాలు పెట్టగానే అడుగునున్న బురద మెత్తగా వేళ్ల మధ్యకి వస్తుంది. చిన్న చేపలు పిక్కల్ని తాకి వెళ్తాయి. కాస్త దూరంలో గూడకొంగలు ముక్కు కింద సంచి వేలాడేసుకుని, మనల్ని చూసి కూడా చూడనట్టు నిలబడతాయి. అవతల గట్టెక్కేసరికి, గూడెంలో వదిలొచ్చిన బతుకు నాదేనా అనిపిస్తుంది. వంటింట్లో పాలు కాగబెట్టిన గిన్నె మూత పెట్టానో లేదో కూడా గుర్తుండదు.

కలలు కనడానికేం, నాకు పొలం లేదు. అక్కకుంది. అక్కడ పండేది ఒక్క దాళ్వా పంటే. వానాకాలమంతా మునిగి ఉండి, నీళ్లు తీశాక ఊడ్చి, ఎండల్లో కోస్తారు. ఒకప్పుడు కోతలకి ఊళ్లోవాళ్లే కొడవళ్లు పట్టుకుని గండి దాటి వచ్చేవారు. ఇప్పుడు చుట్టూ అందరూ మెషిన్‌తోనే కోయిస్తున్నారు, కూలీలకి కొడవలి పట్టే అలవాటే తప్పింది. మెషిన్ గండి దాటలేదు. ఒక ఏడు అక్క పంట కోతకొచ్చి, మనుషులు దొరక్క నిలబడి ఉండగానే అకాలవాన కొట్టింది. చేనంతా పడుకుంది. అక్క మడిలో కూలబడి, నేలకంటుకున్న వెన్నుల్ని చేతులతో లేపుతూ ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

అప్పుడే అంది అక్క. "ఈసారి రోడ్డు వస్తే చేస్తానే. రాకపోతే చేపల చెరువుకి ఇచ్చేస్తాను. ఇంక నావల్ల కాదు."

అభయారణ్యం లోపల చెరువులు తవ్వకూడదు. అది ఒక రూలు. ఎలా తవ్వారని అడక్కూడదు, అది అక్కడివాళ్లందరికీ తెలిసిన ఇంకో రూలు. అక్క పొలాన్ని లీజుకి అడుగుతూ ఒక చెరువుల ఆసామి చాలారోజులుగా కబురు పంపుతున్నాడు. పొలం వాళ్ల చేతికిస్తే మడి చెరువవుతుంది, వరి మొక్క అనేది మళ్లీ అక్కడ మొలవదు. బావ పోయిన మర్నాడు కూడా ఊడ్పులు ఆపని మనిషి మా అక్క. ఆవిడ నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

రోడ్డు కోసం అర్జీ పెట్టింది. గట్టు వెడల్పు చేసి, గండి పూడ్చి, మెషిన్ వెళ్లేంత దారి ఇమ్మని అడిగింది. ఫారెస్టు వాళ్లు కాదనలేదు, ఔననలేదు. రోడ్డు పడితే కొల్లేటికి ఏమవుతుందో ముందు పరిశీలించాలి, అందుకు ఒక మేడంగారు వస్తారు, చూస్తారు, రాస్తారు, ఆ తర్వాతే ఏదైనా అన్నారు. ఆ కబురు విన్నదగ్గర్నుంచి అక్కకి కాలు నిలవలేదు. "మేడంగారు వస్తున్నారే, నువ్వు రావాలి. నాకు వాళ్లతో మాట్లాడ్డం రాదు" అని ఫోన్. అబ్బే, ఆవిడకి మాట్లాడ్డం రాకపోవడమేంటి! ఊళ్లో సగం తగువులు తీర్చేది ఆవిడే.

మాఘమాసం. తెల్లారకముందే బయల్దేరి వెళ్లాను. అక్క ఇంట్లో అప్పటికే పెళ్లి సందడి. మేడంగారు నీచు తింటారో తినరో తెలీక రెండు వంటలూ పెట్టేసింది. ఒక పొయ్యి మీద కొర్రమీను పులుసు, ఇంకో పొయ్యి మీద గుత్తొంకాయ. నన్ను చూసి, "నువ్వు పొలంలోకి నడువు, నేను మేడంగారిని తీసుకుని వెనకాలే వస్తా" అంది.

ఒక్కదాన్నే గట్టు మీద నడిచాను. మంచు అంత దట్టంగా ఎప్పుడూ చూడలేదు. నా చెయ్యి చాపితే నా వేళ్లే నాకు సరిగ్గా కనపడలేదు. ఎక్కడో జమ్ములోంచి కోడి అరిచినట్టు ఒక పిట్ట అరిచింది, ఆగింది. నడుస్తూనే ఉన్నాను. ఎంతకీ గండి రాదు. దారి తప్పానా అనుకుంటే, గట్టు ఒక్కటే ఉంది, తప్పడానికి ఇంకో దారేది? అలా నడుస్తూ నడుస్తూ ఉండగా కాళ్ల కింద మడి గట్టు తగిలింది, పచ్చటి ఊడ్పులు కనిపించాయి. పొలంలోకి వచ్చేశాను. వంగి చూసుకుంటే నా చెప్పులు నా కాళ్లకే ఉన్నాయి.

ఒక్కక్షణం భయమేసింది. నిజంగా కలేమో అనుకున్నాను. ఆ పొలంలో ఎప్పుడూ చెప్పులతో నిలబడి ఎరగను.

ఇంతలో మంచులోంచి మాటలు వినపడ్డాయి. ముందు అక్క, వెనక మేడంగారు, ఆవిడ వెనక గుర్తులు గీసిన పొడవాటి కర్ర పట్టుకుని ఒక సహాయకుడు. మేడంగారికి ముప్పై ఏళ్లుంటాయేమో. మెడలో దుర్భిణీ, కాళ్లకి బూట్లు, చాలా మెత్తటి గొంతు. అక్క మొహం వెలిగిపోతోంది.

మేడంగారు చుట్టూ చూసి అడిగారు. "గండి ఇంకా ఎంత దూరం అండీ?"

"దాటేశారు కదండీ!" అంది అక్క. ఆ గొంతులో గర్వం నేను చెప్పలేను. "నిన్న ట్రాక్టర్‌తో మట్టి ఊరి చివరకి తోలించి, తట్టలతో మోయించి పోయించానండి. ఆడపిల్లలు, ఆఫీసర్లు, మా ఇంటి పనిమీద వస్తా ఉంటే మిమ్మల్ని నీళ్లలోకి దింపుతామాండీ? మీ కాలికి తడి అంటకూడదని రాత్రి దగ్గరుండి చదును చేయించా."

మేడంగారు వెనక్కి తిరిగి, ఏమీ కనపడని ఆ తెల్లటి మంచులోకి చూశారు. చివరికి, "నేను గండి చూడ్డానికే వచ్చానండీ" అన్నారు.

ఓరి నాయనో! అప్పటిగ్గానీ మా ఇద్దరికీ వెలగలేదు. కొల్లేరు మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు అలాంటి పని. చుట్టం వస్తే ఇల్లు అలుకుతాం, ముగ్గేస్తాం, వీధి చిమ్ముతాం. చూడ్డానికి వచ్చిందాన్నే మర్యాద కోసం కనపడకుండా చేస్తామని ఎవరనుకుంటారు?

మేడంగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మెల్లగా విడమర్చి చెప్పారు. గట్టుకి అటు నీళ్లు, ఇటు నీళ్లు కలిసేది ఆ ఒక్కచోటే. అక్కడ ఎంత నీరు పారుతోందో, ఏ చేప ఎటు వెళ్తోందో, ఏ పక్షి వచ్చి నిలబడుతోందో చూస్తేనే రోడ్డు వెయ్యొచ్చో కూడదో చెప్పగలరట. "ఇప్పుడు నేను చూసింది రాస్తే, అనుమతి లేకుండా పూడ్చేశారని రాయాలి. మీ అర్జీ ఇక్కడితో ఆగిపోతుందండీ. కేసు కూడా అవ్వొచ్చు."

అక్క మొహంలో రంగు పోయింది. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ముందు భోంచెయ్యండి మేడంగారూ. తర్వాత రాద్దురుగాని."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేడంగారు కూడా నవ్వాపుకుని, "గండి తెరిస్తే తింటానండీ" అన్నారు.

అంతే, అక్క కొంగు బిగించింది. మడి గట్టు మీదున్న పార తీసుకుని నడిచింది. నేను పరిగెత్తాను. అప్పటికి మంచు విడుతోంది. కొత్తమట్టి ఎర్రగా, గట్టుకి వేసిన మాసికలా కనపడింది. అక్క తవ్వుతూ ఉంటే ఆ మట్టి నేను చేతులతో లాగి పక్కకి వేశాను. "నిన్ననే పోయించాను, నిన్ననే. ఎంత బాగా చదును చేశారో" అని గొణుగుతూనే తవ్వింది. "ఆపవే బాబూ నీ సొద" అని నేను కసిరాను. అక్కని 'ఆపవే' అన్నానని ఆవిడా గమనించలేదు, నేనూ గమనించలేదు.

కాస్త సందు పడగానే నీళ్లు ఆగలేదు. ఒక్క రాత్రిలో గట్టుకి అటువైపు జానెడు ఎక్కి నిలబడ్డాయట, మాకేం తెలుసు! ముందు సన్నగా, గుక్కపెట్టినట్టు చప్పుడు. తర్వాత మట్టి దానంతటదే విరిగి కొట్టుకుపోయింది. అక్క కాళ్లని ఒరుసుకుంటూ నీళ్లు పారాయి. ఆ నీళ్లలో పరిగె చేపలు, వెండి ముక్కలు విసిరినట్టు, ఎదురెక్కుతూ, జారుతూ, మళ్లీ ఎదురెక్కుతూ వెళ్లాయి. రాత్రంతా ఎక్కడ కాచుకుని ఉన్నాయో! ఇంకాసేపటికి ఒక కొంగ దిగింది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత గూడకొంగలు, బరువుగా, రెక్కల చప్పుడుతో. మమ్మల్ని అవి లెక్కే చెయ్యలేదు. అక్క పార మీద చేతులానించి నీళ్లలో అలాగే నిలబడిపోయింది. ఆవిడ మొహాన ఎండ పడింది. అంత ప్రశాంతంగా అక్కని నేను బావ ఉన్నప్పుడు కూడా చూడలేదు.

నా వెనక చప్పుడైతే తిరిగి చూశాను. మేడంగారు బూట్లు విప్పుతున్నారు. వాటిని అక్క నీలం చెప్పుల పక్కన పెట్టి, ఫ్యాంటు మడిచి, కర్ర తీసుకుని నీళ్లలోకి దిగారు. కాలం ఆగిందో, మేమే ఆగిపోయామో గానీ, ఆ పూట నాకు ఇప్పటికీ అలాగే ఉంది, ఎండా తడీ చెదరకుండా.

భోజనాలు చల్లారిపోయాయి. మేడంగారు కొర్రమీను పులుసే రెండుసార్లు వడ్డించుకున్నారు. గుత్తొంకాయ నేను గూడెం పట్టుకెళ్లాను.

ఎండలు ముదిరాక, ఆ ఊరి బళ్లో మీటింగు పెట్టి సంగతి చెప్పారు. మేడంగారు ఉన్నదున్నట్టు రాశారు. పూడ్చడం రాశారు, అదేరోజు అక్క తన చేత్తోనే తెరవడమూ రాశారు. కేసు లేదు. రోడ్డూ లేదు. గండి పూడ్చకూడదు, గట్టు వెడల్పు చెయ్యకూడదు, మనిషి నడవొచ్చు, దోనె వెళ్లొచ్చు. తూములు వేసి పైన మట్టి పొయ్యొచ్చు కదా అని నేను లేచి అడిగాను. గుర్రపుడెక్క పట్టి ఒక్క వానాకాలంలో మూసుకుపోతాయని, ఇంకోచోట అలాగే జరిగిందని చెప్పారు. మెషిన్ బరువు మోసే వంతెన, ఆ గట్టు దారిన ఇంకా వరి వేసే ఒక్కరి కోసం ఎవరు వేస్తారు?

అక్క లేచింది. "నా ఒక్కదాని మెషిన్ తొక్కితే కొల్లేరు ఎండిపోద్దా అండీ?"

నాకూ తిక్క రేగింది. "చెరువుల గట్ల మీద లారీలు తిరిగితే కనపడదు గానీ, మా అక్క వడ్లు కోసుకోవడమే కనపడిందాండీ మీకు?" అని అరిచాను. మేడంగారు తలొంచుకుని, "కనపడిందండీ. అదీ రాశాను" అన్నారు. ఆవిడ రాస్తే లారీలు ఆగుతాయా? ఆ కోపం నాకింకా తీరలేదు. అయినా ఆవిడ మీద మాత్రం రాలేదు, ఏం చెయ్యను?

ఆ వారంలోనే చెరువుల ఆసామి గుండుగొలను వైపు నుంచి కారేసుకుని వచ్చాడు. అక్క నాకు ఫోన్ చేసి, "రావే, ఇచ్చేస్తున్నాను. నువ్వు పక్కనుండు" అంది. వెళ్లాను. దారిపొడుగునా కొల్లేరు కనపడుతున్నా, ఆ రోజు నాకేమీ కనపడలేదు.

ముగ్గురం గట్టు మీద నడిచాం. గండి వచ్చింది. అక్క అలవాటుగా చెప్పులు విడిచింది. నేనూ విడిచాను. ఆయన ఆగిపోయాడు. కాళ్లకి నిగనిగలాడే బూట్లు.

"రండి, పొలం చూద్దురుగాని" అంది అక్క, నీళ్లలో నిలబడి.

"ఇక్కడ్నుంచి కనపడుతుంది కదండీ" అన్నాడాయన నవ్వుతూ. చాలా మర్యాదగానే అన్నాడు. "ముందు ఈ గండి పూడ్చి, గట్టు వెడల్పు చేసే సంగతి చూద్దామండి. ఒక్కరాత్రి పని. తర్వాత లోపలికి కారే వెళ్లిపోద్ది."

అక్క నీళ్లలోకి చూసింది. తర్వాత అవతల పొలం వైపు చూసింది. చేను పండి పసుపు తిరిగి ఉంది. "లోపలికి రారాండీ?" అని మళ్లీ అడిగింది.

"ఎందుకండీ? చేను తీసేసేదే కదా."

అక్క ఇవతలికి వచ్చేసింది. తడికాళ్లతోనే నిలబడి, ఒక్కమాట కూడా గట్టిగా అనకుండా చెప్పింది. "ఏమనుకోకండి బాబూ. చెప్పులు విడిచి కాలు పెట్టనోళ్లకి నేనీ పొలం ఇయ్యలేనండి. మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లండి."

ఆయన కాఫీ తాగే వెళ్లాడు. కారు మలుపు తిరిగాక అక్క వీధరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇంకిప్పుడు ఎవరు కోస్తారే?" అంది. నాకు కొడవలి పట్టుకోవడం కూడా రాదు. అయినా, "నేను కోస్తాను" అన్నాను.

కోశాను. ఏం కోత అది, మడి మడంతా ఎలకలు కొరికినట్టు కోశాను. అక్క కూతురు సెలవు పెట్టుకుని వచ్చింది. మా ఆయన నడుం పట్టేసిందని ఒక్కరోజుకే గట్టెక్కి కూర్చున్నాడు. ఊళ్లోంచి ముసలమ్మలు కొందరు, చేతులు మర్చిపోలేదని చూపించడానికన్నట్టు, కొడవళ్లు నూరుకుని వచ్చారు. కోసిన వరి పనల్ని తాటిదోనెలో వేసి నీళ్ల మీద ఊరికి తెచ్చాం. ఓ మూల చేను కోతకి అందక రాలిపోయింది. దాన్ని పిట్టలు తిన్నాయి. మరుసటి ఏడు అక్క సగం పొలమే ఊడ్చింది. తన చేతులకీ, తన మనుషులకీ అందేంతే అంది. మిగిలిన సగంలో జమ్ము లేచింది. అటు చూసినప్పుడల్లా ఆవిడ మొహం ముడుచుకుంటుంది. నేను చూడనట్టు నటిస్తాను.

మొన్న చలికాలంలో మళ్లీ వెళ్లాను. అక్క ఇంట్లో లేదు. గట్టు మీద మంచు. ఆవిడకి అరవై దాటాయి, ఈసారి ఊడ్పులు మానేసిందేమోనని దారంతా గుబులు. గండి దగ్గరికి వచ్చేదాకా ఏమీ కనపడలేదు. వచ్చాక కనపడ్డాయి, ఒక నీలం పట్టీ, ఒక ఎర్ర పట్టీ, మంచుకి తడిసి ఉన్నాయి. ఏమీ ఆలోచించకుండా నా చెప్పులు వాటి పక్కన విడిచి, చీర ఎత్తికట్టుకుని నీళ్లలోకి దిగాను.